ఇంటర్ లేని డిగ్రీ

నేను చేసిన బేరాలన్నిట్లోకీ మంచిది ఏదని అడిగితే, ఇంటర్మీడియట్ చదవకుండా డిగ్రీ చదవడం అని చెబుతాను. అన్నిట్లోకీ చెడ్డది ఏదని అడిగినా జవాబు అదే.

చిలకలూరిపేటలో మాది పరుపుల కొట్టు. హైవే మీద నుంచి స్పిన్నింగు మిల్లు వైపు తిరిగే మలుపులో ఉండేది. మాది దూదేకుల కుటుంబం. తాత విల్లు భుజాన వేసుకుని అటు అద్దంకి దాకా ఊరూరా తిరిగి, జనం పాత పరుపులు విప్పి, దూది ఏకి మళ్లీ నింపి వచ్చేవాడట. నాన్న కాలానికి విల్లు పోయి మిషను వచ్చింది, తిరుగుడు పోయి కొట్టు వచ్చింది. దుమ్ము మాత్రం అలాగే ఉంది. మా ఇంట్లో పప్పులో దూదిపోగు కనిపిస్తే ఎవరూ ఏమీ అనుకోరు. వేలితో తీసి పక్కన పెట్టి తింటాం.

అక్షరాల కంటే ముందు నాకు బేరం వచ్చింది. గల్లా పెట్టె పక్కన కూర్చోబెట్టి నాన్న చెప్పిన పాఠం ఒకటుంది.

"కొనేవాడు లేస్తాడు, లేవనీ. చెప్పులేసుకుంటాడు, వేసుకోనీ. మెట్టు దిగి నాలుగడుగులు వేశాక పిలువు. అంతకు ముందే పిలిచావా, నువ్వు ఓడినట్టు. ఇంకా ఆగావా, పక్కకొట్టువాడు పిలిచేస్తాడు."

ఆ నాలుగడుగుల లెక్క నాకు ఎంత బాగా పట్టుబడిందంటే, పదో తరగతికి వచ్చేసరికి నాన్న భోజనానికి లేచినప్పుడు కొట్టు నాకే వదిలేవాడు. పదో తరగతి పాసయ్యేసరికి పూర్తిగా వదిలేశాడు. అమ్మకు దూది దుమ్ముతో ఆయాసం ముదిరింది. పరుపులు కుట్టేది అమ్మే. ఆమె దబ్బనం నా చేతికి వచ్చింది. "ఒక్క ఏడాది ఆగి కాలేజీలో చేరుదువుగాని" అన్నాడు నాన్న. వ్యాపారంలో 'ఒక్క ఏడాది' అంటే ఎంతో నాకు తెలుసు. కొట్టు అద్దె కూడా ఒక్క ఏడాదికని మొదలై పదిహేనేళ్లు నడిచింది.

సాయంత్రాలు మిల్లు షిఫ్టుకు వెళ్లే ఆడవాళ్లు తమ పిల్లల్ని మా కొట్లో వదిలి వెళ్లేవాళ్లు. పరుపుల కొట్టు కదా, పిల్లలు పడ్డా దెబ్బ తగలదని వాళ్ల ధైర్యం. అమ్ముడుపోని పరుపుల దొంతర మీద వాళ్లని కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పేదాన్ని. అల్లరి ఆపడానికి మొదలుపెట్టిన పని అది. ఒకరోజు వాళ్లలో ఒకమ్మాయి, రోడ్డు మీద ఆగిన పత్తి లారీ వెనక రాసి ఉన్న మాటల్ని కూడబలుక్కుని చదివి, తను చదివానన్న సంగతి తనకే నమ్మకం కుదరక నా వైపు చూసింది. ఆ చూపు చూశాక నాకు ఇక పరుపులమ్మడంలో అంత రుచి లేకపోయింది. టీచరు కావాలి. ఎలాగో తెలియదు. ఇంటర్ చదవాలి, తర్వాత ట్రైనింగు చేయాలి, తర్వాత ఉద్యోగానికి పరీక్ష రాయాలి. ముందు ఆ ఇంటర్‌కే దారి లేదు.

దారి ఒక నడుంనొప్పి మనిషి చూపించాడు. ఎక్కడో లెక్చరరుగా చేసి రిటైరైన పెద్దాయన, గట్టి పరుపు కావాలని వచ్చి నాతో గంటసేపు బేరమాడి, ఓడిపోయి, నవ్వి, "ఇంత బుర్ర పెట్టుకుని ఇక్కడేం చేస్తున్నావమ్మా?" అన్నాడు.

"కాలేజీకి వెళ్లడం కుదరదండీ."

"వెళ్లక్కర్లేదు. ఓపెన్ యూనివర్సిటీ ఉందిగా. పద్దెనిమిదేళ్లు నిండితే చాలు, అర్హత పరీక్ష అని ఒకటి పెడతారు. పాసైతే నేరుగా బి.ఏ.లో చేరొచ్చు. ఆదివారాలు క్లాసులు."

"ఇంటర్ అడగరా అండీ?"

"అడగరు."

నా చెవులకు అది ఎలా వినిపించిందో చెప్పాలి. రెండేళ్లు తగ్గింపు. అడగకుండానే, బేరమాడకుండానే, అవతలివాడే తగ్గించి ఇస్తున్నాడు. ఆ పరుపు మీద ఇంకొంత తగ్గించి, కొసరుగా దిండు కూడా ఇచ్చి పంపాను ఆయన్ని.

నాన్నకు నచ్చలేదు. మిషను ఆపి, తలగుడ్డతో మొహం తుడుచుకుని అన్నాడు. "అంత చవగ్గా వస్తోందంటే లోపల పాతదూది ఉంటుందే."

"గవర్నమెంటుది నాన్నా. పాతదూది ఎందుకుంటుంది?"

"గవర్నమెంటుదైనా విప్పి చూసుకోవాలి."

"చదువుని ఎట్లా విప్పి చూస్తాం?"

నాన్న మిషను ఆన్ చేశాడు. జవాబు లేనప్పుడు ఆయన చేసేది అదే.

అర్హత పరీక్ష రాశాను. పాసయ్యాను. ఆదివారం పొద్దున నరసరావుపేట బస్సెక్కి క్లాసులకు వెళ్లి, మధ్యాహ్నానికి వచ్చి కొట్టు తెరిచేదాన్ని. క్లాసులో నా పక్కన పోలీసు కానిస్టేబుళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఇద్దరు బస్సు కండక్టర్లు ఉండేవాళ్లు. అందరం తగ్గింపు ధరకు కొన్నవాళ్లమే. బి.ఏ. పాసైన రోజు నాన్న మిఠాయిలేవీ పంచలేదు కానీ, కొట్టుకు వచ్చిన ప్రతి మనిషితో, "పత్తి దూదా, బూరుగు దూదా అన్నది మా అమ్మాయినడగండి, బి.ఏ. చదివింది" అనేవాడు. బి.ఏ.కీ దూదికీ ఉన్న సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు. నాకు సిగ్గేసేది. ఆపమని కూడా అనలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా వైపు టీచరు ఉద్యోగాల పిచ్చి గట్టిగా ఉండేది. ప్రతి బజారులో ఒక కోచింగు సెంటరు, ప్రతి బస్సులో ఒళ్లో పుస్తకం పెట్టుకున్న ఒక పెళ్లి కాని అమ్మాయి. ప్రైవేటు బి.ఇడి. ఫీజులు మాకు అందేవి కావు. ప్రభుత్వ శిక్షణ కాలేజీలో చిన్నపిల్లల టీచరు ట్రైనింగుకు సీటొస్తే దాదాపు ఖర్చు లేదు. పైగా నాకు కావలసింది చిన్నపిల్లలే. ఎంట్రన్సు అప్లికేషన్లో 'విద్యార్హత' అన్నచోట బి.ఏ. అని గర్వంగా రాశాను. పరీక్ష బాగా రాశాను. ర్యాంకు వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలనకు రమ్మని కార్డు వచ్చింది. అమ్మ ఆ కార్డును చీర కొంగుతో తుడిచి, దుమ్ము పడకుండా బియ్యం డబ్బాలో పెట్టింది.

పరిశీలన రోజు నాన్న కొట్టు మూశాడు. చావులకూ పెళ్లిళ్లకూ తప్ప మూయని మనిషి. తెల్లవారుతూనే మొదటి బస్సు ఎక్కించాడు. లైన్లో మొదటి మనిషి నేనే కావాలని ఆయన పట్టు.

"బోణీ బేరాన్ని ఎవరూ తిప్పి పంపరే. నష్టానికైనా ఇచ్చి పంపుతారు. రోజంతా కలిసిరావాలిగా."

నిజమే, మా కొట్లో అంతే. పొద్దున వచ్చిన మొదటి మనిషి ఎంత తక్కువకడిగినా నాన్న పళ్లు బిగబట్టి ఇచ్చేస్తాడు. కాబట్టి ఎవరూ రాకముందే గేటు దగ్గర నిలబడ్డాం. వాచ్‌మన్ మమ్మల్ని చూసి, "ఇంత పొద్దున్నే ఏంటండీ, పాలకొచ్చారా?" అన్నాడు.

హాల్లో బల్ల వెనక ఒక మేడమ్ కూర్చుంది. యాభై దాటి ఉంటాయి. కళ్లజోడు మెడలో వేలాడుతోంది. పక్కన ఒక గుమాస్తా. నేను ఫైలు అందించాను. మేడమ్ ఒక్కో కాగితం తిప్పుతూ పైకి చదువుతోంది, గుమాస్తా టిక్కు పెడుతున్నాడు.

"టెన్త్... స్టడీ సర్టిఫికెట్లు... కులం... డిగ్రీ. ఇంటర్ మెమో ఏదమ్మా?"

"డిగ్రీ ఉందండీ, మేడమ్."

"డిగ్రీ చూశాను. ఇంటర్ ఏది?"

"ఇంటర్ చదవకుండానే డిగ్రీ చదివానండీ. అర్హత పరీక్ష రాసి చేరాను."

మేడమ్ కళ్లజోడు పెట్టుకుంది. "అంటే ఇంటర్ లేదు."

"దానికన్నా పెద్దది ఉందండీ."

గుమాస్తా తల ఎత్తకుండానే అన్నాడు. "మేడ కట్టారు మేడమ్. కింద గది కట్టడం మర్చిపోయారు."

నేను కొట్టు మనిషిని. వెక్కిరిస్తే బెదరను. వెక్కిరింపు బేరానికి మొదలు. "పది కేజీల దూది ఉన్నవాడి దగ్గర ఐదు కేజీలు లేవంటారా అండీ?" అన్నాను.

మేడమ్‌కు నవ్వొచ్చింది. కోప్పడి ఉంటే నాకు ఆశ మిగిలేది. నవ్వింది కాబట్టే ఆమెకు నా మాట అర్థమైందనీ, అర్థమైనా ఏమీ కాదనీ తెలిసింది.

"నువ్వన్నది న్యాయంగానే ఉందమ్మా. కానీ నాకిచ్చిన ఉత్తర్వులో ఇంటర్ లేక తత్సమాన పరీక్ష అని ఉంది."

"సమానం ఉంటే చాలంటున్నప్పుడు ఎక్కువుంటే పనికిరాదా అండీ?"

"ఎక్కువ గురించి ఏమీ రాయలేదు."

అప్పటిదాకా వెనక నిలబడ్డ నాన్న ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "అమ్మా, బోణీ మనిషి. ఖాళీ చేతుల్తో పంపకండి. మీకూ మంచిది కాదు."

"మొదటి మనిషనే భయం సాయిబుగారూ" అంది మేడమ్. "మీ అమ్మాయికి సరే అన్నాననుకోండి, ఇవాళ ఇలా వచ్చిన ప్రతి ఒక్కరికీ సరే అనాలి. చివరి మనిషి అయితే ఎవరూ చూడకుండా ఏమన్నా ఆలోచించేదాన్నేమో."

అప్పుడు నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య నేను ప్రయోగించాను. కాగితాలు సర్దుకున్నాను, నిదానంగా. "అయితే సరేలెండి" అన్నాను. లేచాను. గుమ్మం దగ్గర చెప్పులేసుకున్నాను. మెట్టు దిగాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వెనక నుంచి పిలుపు వచ్చింది. అది లైన్లో నా వెనక ఉన్నవాళ్ల నంబరు.

నేను వరండాలో ఆగిపోయాను. నాన్న వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఎందుకాగావే?"

"పిలుస్తారేమోనని."

ఆయన నవ్వలేదు.  "వాళ్లది సొంతకొట్టు కాదమ్మా. సరుకు అమ్ముడుపోకపోతే వాళ్లకేం పోదు. నాలుగడుగుల లెక్క ఇక్కడ పనిచేయదు."

మళ్లీ వెళ్లి అడగడానికి నాకు మొహం చెల్లలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ మేడమే బయటికి వస్తూ మమ్మల్ని చూసి ఆగింది. "ఇంకా ఇక్కడే ఉన్నారా? హైదరాబాదులో ఇంటర్ బోర్డు ఆఫీసుకు వెళ్లండి. నీ అర్హత పరీక్ష ఇంటర్‌తో సమానమని ఒక పత్రం ఇస్తే తీసుకుంటాను. సోమవారం దాకా సీటు పక్కన పెడతాను. అంతకు మించి నా చేతిలో లేదు."

ఆ రాత్రి బస్సుకే బయలుదేరాం. బస్టాండుకు వెళుతూ నాన్న కొట్టు షట్టరు సగం ఎత్తి, లోపలికి దూరి, ఒక దిండు తీసుకొచ్చాడు. అచ్చమైన బూరుగు దూది దిండు, పువ్వుల గలీబు తొడిగింది.

"ఇదెందుకు నాన్నా?"

"కొసరు. పని చేసిపెట్టినవాడికి ఏదో ఒకటి ఇవ్వాలిగా."

"ఆఫీసరుకు దిండు ఇస్తారా ఎవరన్నా?"

"డబ్బిస్తే లంచం. దిండిస్తే మర్యాద."

అలా మేం ఇద్దరం, ఒక ఫైలు, ఒక దిండు హైదరాబాదులో దిగాం. ఆఫీసు గేటు దగ్గర కాపలా మనిషి ఫైలు చూడలేదు, దిండును అన్ని వైపులా నొక్కి చూశాడు. లోపల సెక్షన్ వెతుక్కోవడానికే పొద్దు చాలా పోయింది. ఒక బల్ల దగ్గర రెండో బల్ల పేరు చెప్పారు, అక్కడ మేడ మీదికి పొమ్మన్నారు. చివరికి తత్సమానాలు చూసే మనిషి దొరికాడు. సన్నగా, ఓపికగా ఉన్నాడు. ఆయన ఓపిక చూసి నాకు ధైర్యం వచ్చింది. ఓపికున్న కొనుగోలుదారుడు కొంటాడని మా నమ్మకం.

"ఏ బోర్డు అమ్మా?"

"ఓపెన్ యూనివర్సిటీ అండీ."

"అది బోర్డు కాదుగా."

"అర్హత పరీక్ష పెట్టారండీ. పాసయ్యాను. దాని మీద డిగ్రీ కూడా ఇచ్చారు."

"అది వాళ్ల గుమ్మం దాటడానికి వాళ్లు పెట్టుకున్న పరీక్ష. మా గుమ్మం దగ్గర చెల్లదు." అంటూ ఆయన పట్టిక తీసి నా ముందు పెట్టాడు. ఏయే పరీక్షలు మన ఇంటర్‌తో సమానమో అందులో ఉన్నాయి. పక్క రాష్ట్రాలవి ఉన్నాయి. ఎక్కడో కొండల్లో ఉన్న రాష్ట్రాలవి ఉన్నాయి. సముద్రాల అవతల దేశాలవి కూడా ఉన్నాయి. నేను వేలు పెట్టి పై నుంచి కింది దాకా చూశాను, మళ్లీ కింది నుంచి పైకి చూశాను. నాది లేదు.

"ఇంకెక్కడన్నా రాసి ఉందేమో చూడండి."

"ఉంటే నేనే చెప్పనా అమ్మా?"

నాన్న అడిగాడు. "బాబూ, డిగ్రీ ఇచ్చిన వాళ్లు గవర్నమెంటేనా?"

"గవర్నమెంటే."

"మీరు?"

"మేమూ గవర్నమెంటే."

"అయితే ఒకే ఓనరుగా."

"ఒకే ఓనరు, కొట్లు వేరు పెద్దాయనా. అక్కడ కొన్న బిల్లు ఇక్కడ చెల్లదు."

మా భాషలోనే మాకు జవాబు చెప్పాడు. నాన్నకు అది తిరుగులేని మాటగా అనిపించిందనుకుంటాను, తల ఊపాడు. నాకు మాత్రం ఇంకో ఆలోచన వచ్చింది. "పోనీ, సమానం కాదనైనా రాసివ్వండి. తీసుకెళ్లి చూపిస్తాను. మీ వల్ల ఆగిందని వాళ్లకు తెలుస్తుంది, ఏదైనా దారి చూస్తారు."

"లేనిదానికి కాగితం ఎట్లా ఇస్తాం?"

"లేదనే రాయండి."

"ఉన్నవాటికే పత్రం అమ్మా. లేనివాటికి పత్రాలివ్వాలంటే ఈ బిల్డింగు చాలదు."

నాన్న అప్పుడు దిండు తీసి బల్ల మీద పెట్టాడు. పువ్వుల గలీబు చూసి చుట్టుపక్కల బల్లల వాళ్లు కుర్చీలు వెనక్కి జరిపి మరీ చూశారు.

"ఇదేంటి?"

"బూరుగు దూదండీ. మా సొంత తయారీ. మెడనొప్పి రాదు."

"ఆఫీసులో దిండు పెట్టుకుంటే నిద్రపోతున్నానంటారు పెద్దాయనా. ఉన్న ఉద్యోగం కూడా పోతుంది. తీసెయ్యండి."

యూనివర్సిటీ ఆఫీసుకు కూడా వెళ్లాం. అక్కడా అదే మాట, ఇంకొంచెం మర్యాదగా. వాళ్ల అర్హత పరీక్ష వాళ్ల కోర్సుల వరకేనట. ఆ సంగతి ప్రాస్పెక్టసులో ఉందట. ఉండే ఉంటుంది. తగ్గింపు ధరకు కొనేటప్పుడు వెనక చిన్న అక్షరాల్లో ఏముందో ఎవరు చదువుతారు. మా కొట్లో కూడా 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బోర్డు ఉంది. ఎవరూ చదవరు, చదివినట్టు మేమూ నటిస్తాం.

తిరుగు బస్సు కోసం బస్టాండులో కూర్చున్నప్పుడు నాన్న ఆ దిండు నా ఒళ్లో పెట్టి, పడుకోమన్నాడు. నేను పడుకోలేదు. ఆయనే దాని మీద తల పెట్టి సిమెంటు బల్ల మీద నిద్రపోయాడు. జీవితమంతా దిండ్లు చేసిన మనిషి, పువ్వుల గలీబు దిండు మీద పడుకోవడం నేను చూడటం అదే మొదలు. ఇంట్లో మేం వాడేవన్నీ తిరస్కరించిన సరుకే.

సోమవారం మళ్లీ శిక్షణ కాలేజీకి వెళ్లాను, ఉత్త చేతుల్తో. ఈసారి లైన్లో మొదట నిలబడలేదు. మేడమ్ నా మొహం చూసి కాగితం అడగలేదు. "కూర్చో" అంది. నేను కూర్చోవలసిన కుర్చీలో అప్పటికే ఒకమ్మాయి ఉంది. వినుకొండ వైపు పల్లె నుంచి వచ్చిందట, సీటు అందక ఆగినవాళ్లలో మొదటి ర్యాంకు. ఆమె వెనక వాళ్ల నాన్న. మిరప కళ్లం మీద నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు. చేతులకు కారం ఉందేమో, కళ్లలో నీళ్లొస్తుంటే అరచేత్తో తుడుచుకోకుండా మోచెయ్యి పైకెత్తి చొక్కా భుజానికి తుడుచుకుంటున్నాడు. ఆ మనిషిని చూస్తూ కోపం తెచ్చుకుందామని నేను చాలా ప్రయత్నించాను. రాలేదు. కోపం వచ్చి ఉంటే ఇంటికి తీసుకెళ్లడానికి అదైనా ఉండేది.

ఆ అమ్మాయి సంతకం పెట్టింది. గుమాస్తా నా పేరు మీద గీత గీశాడు.

"ఇంటర్ రాసెయ్యమ్మా" అంది మేడమ్ నాతో. "కాలేజీకి వెళ్లకుండా ప్రైవేటుగా రాయొచ్చు. రాసేసి మళ్లీ ఎంట్రన్సు రాయి. నువ్వు చిన్నదానివే."

"బి.ఏ. అయ్యాక ఇంటరా మేడమ్?"

 గుమాస్తా ఈసారి వెక్కిరించలేదు. "రాయమ్మా, మా తోడల్లుడూ అట్లాగే రాశాడు" అన్నాడు. మా ఊళ్లన్నిటా నాలాంటి తెలివిగలవాళ్లు చాలామందే ఉన్నారని అప్పుడు తెలిసింది.

ఇంటికి వచ్చాను. పాతదూది అని నేను ముందే చెప్పలేదా అని నాన్న ఒక్కమాటంటే నేను గట్టిగా పోట్లాడి ఉండేదాన్ని. ఆయన అనలేదు. కొట్టుకు వచ్చినవాళ్లకు బి.ఏ. సంగతి చెప్పడం మాత్రం మానేశాడు. అమ్మ ఒకరోజు అన్నం పెడుతూ, "ఇంటర్ లేకుండా బి.ఏ. చదువు బుర్రలోకి వెళ్లింది కదా, మరి టీచరు చదువు ఎందుకు వెళ్లదంట?" అని అడిగింది. నన్ను కాదు, నాన్ననూ కాదు, గిన్నెలోకి చూస్తూ అడిగింది. తర్వాత ఆయాసం వచ్చి గోడకు ఆనుకుంది.

మా వీధి చివర ఇంటర్ తప్పి పెళ్లి చేసుకున్న పిల్ల దగ్గర పాత పుస్తకాలు తెచ్చుకున్నాను. బి.ఏ.లో పెద్ద పెద్ద మాటల్లో చదివిన సంగతులే అందులో చిన్న చిన్న మాటల్లో ఉన్నాయి. కౌంటరు వెనక పెట్టుకుని చదువుతుంటే కనిగిరి నుంచి పరుపుగుడ్డల మూటలు తెచ్చే ముసలాయన చూసి, "ఏమ్మా, పెద్ద చదువు అయిపోయిందిగా, మళ్లీ చిన్న చదువేంది?" అన్నాడు.

"పెద్దది చెల్లలేదు తాతా."

"చినిగిందా?"

"చినగలేదు. చెల్లలేదు."

"చినగని నోటు చెల్లకపోడమేంది" అని ఆయన చాలాసేపు ఆలోచించి, నా తరఫున ఎవరినో తిట్టి వెళ్లిపోయాడు.

తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను. ఇంటర్ పాసయ్యాను, మార్కులు మర్యాదగానే వచ్చాయి. పాత ర్యాంకు ఆ ఏడుతోనే మురిగిపోయింది. మరుసటేడు ఎంట్రన్సు ప్రకటన ఇవాళా రేపా అంటూ వచ్చేసరికి చాలా ఆలస్యమైంది. వచ్చాక రాశాను. అప్పటికి కోచింగు సెంటర్లలో పగలూ రాత్రీ రుబ్బిన పిల్లలు ముందుకెళ్లిపోయారు. నా ర్యాంకు సీట్లకు దూరంగా ఆగింది. ఇంకోసారి రాశాను. ఇంకా దూరంగా ఆగింది. అద్దంకిలో పరుపుల కొట్టున్న ఇంటికే నన్నిచ్చారు. ఇప్పుడు నా దగ్గర టెన్త్ ఉంది, ఇంటర్ ఉంది, డిగ్రీ ఉంది. వరస మాత్రం తప్పింది. ఎవరూ అడగడం లేదు కాబట్టి చెల్లుతాయో లేదో తెలియదు.

ఇక ఇంటర్ మొదటి రోజు పరీక్ష సంగతి.

సెంటరు మా ఊళ్లోనే, ఒక జూనియర్ కాలేజీలో పడింది. అమ్మ తన నేత చీర ఇస్త్రీ చేయించి నాకు కట్టబెట్టింది. "పెద్దదానివి, పిల్లల మధ్య పిల్లలా వెళ్లకు" అంది. జడ కాకుండా ముడి పెట్టింది. నా చేతిలో హ్యాండ్‌బ్యాగు, ఒక అట్ట, రెండు పెన్నులు. నంబర్లు రాసిన బోర్డు చూసుకుని, నా గది వెతుక్కుని, గుమ్మంలో అడుగు పెట్టాను.

గదిలో పిల్లలంతా అప్పటికే వచ్చి ఉన్నారు. పదహారు, పదిహేడేళ్లవాళ్లు. చివరి నిమిషంలో పుస్తకాలు తిరగేస్తూ, ఒకళ్ల నోట్సు ఒకళ్లు లాక్కుంటూ గోలగోలగా ఉన్నారు. నన్ను చూశారు. గోల ఒక్కసారిగా ఆగింది. బెంచీలు కదిలిన చప్పుడు. గది గదంతా లేచి నిలబడింది.

"గుడ్ మార్నింగ్ మేడమ్."

నేను కూడా మీలాగే రాయడానికొచ్చానని చెప్పాలి. ఆ మాట నాలుక మీద ఉంది. ఎలా తప్పిపోయిందో తెలియదు, నా నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"కూర్చోండి."

కూర్చున్నారు. అందరూ ఒకేసారి. పరుపుల దొంతర మీద మిల్లు పిల్లలు ఏనాడూ అలా ఒక్క మాటకు కూర్చోలేదు.

ముందు బెంచీలో అమ్మాయి చెయ్యి ఎత్తింది. "మేడమ్, సొంత అట్ట పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోవచ్చు. దాని మీద ఏమీ రాసి ఉండకూడదు."

ఆ అమ్మాయి అట్టను అటూ ఇటూ తిప్పి చూపించింది. నేను చూసి తల ఊపాను. వెనక నుంచి ఇంకొకరు అడిగారు. "మేడమ్, పేపరు కష్టంగా ఉంటుందా?"

"చదివినవాళ్లకు ఉండదు."

కొందరు నవ్వారు. ఆ నవ్వులో భయం ఉంది, నా మీద గౌరవమూ ఉంది. అక్కడే ఆగిపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. కానీ బెంచీల మీద సుద్దతో నంబర్లు వేసి ఉన్నాయి. వాటిలో ఒకటి నాది. నేను వరసల మధ్య నడవడం మొదలుపెట్టాను. నేను పక్కకు రాగానే పిల్లలు పుస్తకాలు మూసి సంచుల్లో దాచుకుంటున్నారు, తనిఖీకి వచ్చాననుకుని. మూడో వరసలో, కిటికీ పక్కన, నా నంబరు కనిపించింది. పక్కన కూర్చున్న పిల్ల నాకు దారి ఇవ్వడానికి జరగలేదు, ఎందుకు జరగాలో ఆమెకు తెలియలేదు.

"కొంచెం జరుగమ్మా" అన్నాను.

జరిగింది. కూర్చున్నాను. చీర కుచ్చెళ్లు ఆ ఇరుకు బెంచీలో ఇమడలేదు. అట్ట ముందు పెట్టుకున్నాను, పెన్ను మూత తీశాను. గది మొత్తం నా వైపే చూసింది. నవ్వినా బాగుండేది. ఆ పక్క పిల్ల నా హాల్‌టికెట్టు మీద నా ఫోటో చూసి, నా మొహం చూసి, తప్పు తనదే అయినట్టు తల వంచుకుంది.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. ప్రశ్నపత్రాల కట్ట చేత్తో పట్టుకుని ఇన్విజిలేటరు లోపలికి వచ్చాడు. నాకంటే రెండు మూడేళ్లు చిన్నవాడేమో. బెంచీలు మళ్లీ కదిలాయి.

పిల్లలంతా లేచారు. ఈసారి వాళ్లతోపాటు నేనూ లేచాను.